అసలాఫీసులో అడవిదున్న

రాష్ట్రంలో పాత కార్లకు కొదవ లేదుగానీ, వాటిలో చాలామట్టుకు నిజాయితీగా పాతబడలేదని ప్రభుత్వానికి అనుమానం వచ్చింది. అనుమానం వచ్చాక ఊరికే కూర్చుంటే అది ప్రభుత్వం ఎందుకవుతుంది? వెంటనే ఒక సంస్థను పెట్టింది. పేరు రాష్ట్ర పురావాహన మౌలికతా నిర్ధారణ సంస్థ. ఆ పేరును తడబడకుండా పలికేవాళ్ళు సంస్థలోనే లేకపోవడంతో జనం దాన్ని అసలాఫీసు అన్నారు. దాని నియమం మాత్రం చాలా తేలిక. పాతికేళ్ళు దాటిన ప్రతి కారూ పరీక్షకు రావాలి. అందులోని భాగాలు నూటికి తొంభైవంతులు ఫ్యాక్టరీలో పుట్టినప్పటివే అయితే అది జాతి సంపద. కాకపోతే తుక్కు. తుక్కు కోసం బెజవాడ శివార్లలో ఒక యంత్రం తెప్పించారు. అది కారును నమిలి ట్రంకుపెట్టెంత ముద్దగా ఉమ్మేస్తుంది. సంపదకీ ముద్దకీ మధ్య మూడో దారి పెట్టలేదు.

ఈ నియమం వచ్చి వచ్చి ఏలూరులో కానూరి దామోదరయ్య నెత్తిన పడింది.

అమెరికాలో పెట్రోలు మంచినీళ్ళ ధరకు దొరికిన రోజుల్లో, పందేల పిచ్చి ఉన్న కుర్రకారు కోసం చిన్న బండిలో లారీకి సరిపడా ఇంజను కూరి అమ్మేవారట. వాటిని అక్కడ కండల కార్లంటారు. దామోదరయ్య కారు ఆ జాతిది. పేరు బైసన్. మద్రాసులో ఎవరో దొర ఉద్యోగం ముగించుకుని పోతూ వేలం వేస్తే, ఏలూరులో సినిమా హాలు నడుపుతున్న దామోదరయ్య తండ్రి పాడుకుని తెచ్చాడు. ముందువైపు చూస్తే కొమ్ములొక్కటే తక్కువ. అందుకని ఊరంతా దానికి అడవిదున్న అని పేరుపెట్టి, తర్వాత ముద్దుగా దున్న అని పిలుచుకున్నారు. స్టార్టు చేస్తే పవరుపేట స్టేషన్లో రైలొచ్చిందని లేచి నిలబడేవారు.

ప్రతి ఆదివారం పొద్దున దామోదరయ్య భార్య సీతారావమ్మను పక్కన కూర్చోబెట్టుకుని హైవే మీద గుండుగొలను దాకా పోయి, అక్కడ పాక హోటల్లో అల్లం పెసరట్టు తిని, వచ్చేవాడు. వారమంతా ఆయన బతికేది ఆ రెండు గంటల కోసమే. సినిమా హాలు ఏనాడో కల్యాణమండపమైంది. మోకాలు అరిగిపోతే దాని స్థానంలో ఇనుపది వచ్చింది. దున్న ఒక్కటే మిగిలింది. దాన్ని ముద్ద చేస్తారన్న మాట విన్నప్పటినుంచి ఆయనకు అన్నం సయించలేదు.

పరీక్షకు వచ్చినవాడు మౌలికతాధికారి చక్రపాణి. నిన్నమొన్నటిదాకా మత్స్యశాఖలో ఉండి, డిప్యుటేషన్ మీద కార్లలోకి వచ్చాడు. చేప మొప్పలెత్తి చూసినట్టు బానెట్ ఎత్తి వాసన చూశాడు. వెనక గుమాస్తా భద్రం రాసుకుంటూ నిలబడ్డాడు.

హారన్ లారీదని తేలింది. రేడియేటర్ బెజవాడ ఆటోనగర్లో చేయించింది. వైపర్లు ఏదో బస్సువి. దామోదరయ్య నచ్చజెప్పబోయాడు. ఆ రోజుల్లో అమెరికా నుంచి ఒక మర తెప్పించాలంటే ఢిల్లీలో లైసెన్సు కావాలి, ఓడ కావాలి, ఆయుష్షు కావాలి, అందుకని చేతికందినదానితో నడుపుకొచ్చామన్నాడు.

"అవి మీ ఇబ్బందులు. ఇబ్బందులు మౌలికతలోకి రావు" అని చక్రపాణి ఇంజను మీదికి వంగాడు. ఇంజనుకు ఫ్యాక్టరీవాళ్ళు కొట్టిన నంబరొకటి ఉంటుంది. చాసీ నంబరుతో అది కలిస్తే కారు అసలుది. ఆ నంబరు ఉండాల్సిన చోట ఆయనకు భూతద్దంలో సొంత ముక్కు కనిపించింది.

సంగతేమిటంటే, సీతారావమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో, దసరాకి ఆయుధపూజ చేస్తూ మామగారు ఆ నంబరు చూపించి, దీని ప్రాణమంతా ఇక్కడే ఉందమ్మా అన్నాడు. ఆవిడ ఆ మాటను తలకెక్కించుకుంది. అప్పటినుంచి ప్రతి దసరాకీ ఆ చోటును ఇత్తడి కుందిని తోమినట్టు చింతపండు పెట్టి తోమి, పసుపు రాసి, బొట్టు పెట్టింది. దేవుడు నల్లబడితే ఇంటికి అరిష్టమని చేయి నొప్పెట్టినా మానలేదు. అంకెలు ఏ దసరాకి సెలవు తీసుకున్నాయో ఎవరికీ తెలియదు.

"ఎంత నిగనిగలాడుతుందో చూడండి, మీ మొహం చూసుకోవచ్చు" అంది ఆవిడ, కాఫీ అందిస్తూ.

చక్రపాణి కాఫీ తాగి, భద్రంతో రాయించాడు. "ఇంజను. లేదు."

దామోదరయ్యకు ఒళ్ళు మండి తాళం తిప్పాడు. దున్న రంకె వేసింది. గోడమీద కాకులు లేచిపోయాయి. భద్రం చేతిలో కాగితాలు జామచెట్టెక్కాయి. చక్రపాణి ఆ హోరు ఆగేదాకా ఓపిగ్గా నిలబడి, ఆగాక దయగా చెప్పాడు.

"శబ్దం ఉంది. నేను కాదనను. కాని నంబరు లేనిదాన్ని ఇంజను అనే అధికారం సంస్థకు లేదు."

మౌలికత నలభైవంతులు కూడా దాటలేదు. దసరాలోగా మిగతా వంతులు సంపాదించుకోకపోతే కారును యంత్రానికి అప్పగించాలని చెప్పి వాళ్ళు వెళ్ళిపోయారు. సీతారావమ్మ ఆ పూట పొయ్యి వెలిగించలేదు. తన చేత్తోనే దాన్ని చంపుకున్నానని కుమిలిపోయింది. దామోదరయ్య ఆవిడ పక్కన కూర్చుని, నువ్వు తోమింది దేవుణ్ణి, అంకెలు పోతే దేవుడు పోతాడా అని ఊరుకోబెట్టాడు. ఊరుకోబెట్టాడేగానీ ఆయనకూ ఏం చెయ్యాలో పాలుపోలేదు.

ఆటోనగర్లో అమ్మానాన్నలు తప్ప అన్నీ చేసిస్తారని బెజవాడలో అంటారు. దామోదరయ్య అక్కడికే పోయి పైడికొండల జార్జిని పట్టుకున్నాడు. జార్జి లేత్ మిషన్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో జమీందారులా కూర్చుని ఉన్నాడు. అసలాఫీసు పుణ్యమా అని వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉంది.

"ఒరిజినల్ కావాలా, నిజం ఒరిజినల్ కావాలా, అసలాఫీసు ఒరిజినల్ కావాలా?" అనడిగాడు.

తేడా ఏమిటన్నాడు దామోదరయ్య.

"మొదటిది నిన్న చేసింది. రెండోది దొరకదు. మూడోది పాసవుద్ది."

అసలాఫీసు దగ్గర బైసన్ ఫ్యాక్టరీవాళ్ళ బొమ్మల పుస్తకం ఉంది. దాని నకలు జార్జి దగ్గరా ఉంది. బొమ్మలో ఉన్నదున్నట్టు పోతపోయిస్తానన్నాడు. ఇంజను మీద నంబరు గుడ్డివాడు కూడా తడిమి చదివేలా కొట్టిస్తానన్నాడు. తుప్పు కావాలంటే సామాను బందరు పంపి సముద్రగాలికి వేలాడదీస్తారట, యాభై ఏళ్ళ తుప్పు పది రోజుల్లో పడుతుందట. అమెరికాలో తనిఖీ చేసిన కూలివాడు తలుపు అడుగున సుద్దముక్కతో గీత గీసేవాడని, ఆ గీత లేకపోతే చక్రపాణి ఒప్పుకోడని కూడా చెప్పాడు. బొమ్మలో గీత ఎడమకు వాలి ఉంది. అంటే అక్కడి కూలివాడు ఎడమచేతివాటం. అందుకోసం జార్జి పటమటలో ఒక ఎడమచేతివాటం డ్రాయింగు మాస్టారిని నెలజీతానికి పెట్టుకున్నాడు.

ఇదంతా మోసం కాదా అని దామోదరయ్య నసిగాడు. జార్జి నొచ్చుకున్నాడు. మోసమైతే పాసవ్వదు కదండీ, పాసయ్యాక మోసమెలాగవుతుంది అన్నాడు. దామోదరయ్యకు ఆ తర్కంలో ఎక్కడో కన్నం ఉందనిపించిందిగానీ, కళ్ళముందు యంత్రం నోరు తెరుచుకుని కనిపించడంతో సరే అన్నాడు.

రెండో పరీక్ష అసలాఫీసు ఆవరణలోనే జరిగింది. జార్జి ఇంజనును చూసి చక్రపాణికి కళ్ళు చెమర్చాయి. నంబరు మీద వేలు పెట్టి, భద్రాన్ని దగ్గరికి పిలిచి, మౌలికత అంటే ఇలా ఉంటుందయ్యా, చూసి నేర్చుకో అన్నాడు. బందరు తుప్పును గోటితో గీకి, ఆహా అన్నాడు. సుద్దగీతకు ప్రత్యేకంగా ఫొటో తీయించాడు. దామోదరయ్య గండం గడిచిందనుకుంటుండగా చక్రపాణి ఎడమ తలుపు పిడి పట్టుకుని ఆగిపోయాడు.

ఆ పిడి మద్రాసు నుంచి కారుతోపాటు వచ్చింది. దామోదరయ్య తండ్రి పట్టుకున్నది, పెళ్ళినాడు సీతారావమ్మ పట్టుకుని దిగినది.

"ఇది అరిగింది. బొమ్మలో అరగలేదు" అన్నాడు చక్రపాణి.

"ఇన్నేళ్ళు వాడితే అరగదాండీ?"

"వాడటం నిబంధనలకు విరుద్ధం కాదు. వాడినట్టు కనిపించడం విరుద్ధం."

పిడి ఊడదీయించి దానిమీద ఎర్రసిరాతో అన్యము అని ముద్ర కొట్టించాడు. ముద్ర అర్థం, ఈ వస్తువు ఈ కారుకు చెందినది కాదు, దీనికి బైసన్‌తో ఏ సంబంధమూ లేదు అని. అక్కడితో ఆగలేదు. అంతకుముందు తీసేసిన ఇంజను, హారన్ వంటివాటినీ తెప్పించి అదే ముద్ర కొట్టించాడు. డ్రైవరు సీటులో తండ్రి కూర్చుని కూర్చుని పడిన గుంట ఉంది. బొమ్మలో గుంట లేదు. అన్యము. స్టీరింగు మీద చేతుల జిడ్డుకు నల్లబడిన చోటుంది. అన్యము. జార్జి సరుకు ఒక్కటీ తప్పలేదు, అమెరికా సరుకు ఒక్కటీ నెగ్గలేదు.

ఆ తర్వాత నుంచి అటూ ఇటూ మోతలాట మొదలైంది. దామోదరయ్య ఒక అసలు భాగం ఇంటికి మోసుకొచ్చి, దాని బదులు జార్జి దగ్గరనుంచి మరింత అసలైనది పట్టుకెళ్ళేవాడు. గేర్లు వచ్చాయి, తలుపులు వచ్చాయి, చక్రాలు దొర్లుకుంటూ వచ్చాయి. చివరికి చాసీని కూడా పక్షవాతం రోగిలా ట్రాక్టరు ట్రక్కు మీద పడుకోబెట్టి ఇంటికి తెచ్చారు. వసారా నిండింది, పెరడు నిండింది, సీతారావమ్మ వడియాలు ఎండబెట్టుకోవడానికి డాబా ఎక్కాల్సి వచ్చింది.

ఒకసారి టైర్లలో గాలి స్థానికంగా నింపినదని చక్రపాణి పట్టుకున్నాడు. అమెరికా గాలి తెప్పించే స్తోమత తనకు లేదని దామోదరయ్య మొరపెట్టుకున్నాడు. విషయం పైకి వెళ్ళింది. పైవాళ్ళు నిపుణుల సంఘం వేసి, సుదీర్ఘంగా చర్చించి, గాలి కంటికి కనిపించదు గనుక ఫొటోలో తేడా తెలియదని తేల్చి, గాలికి మినహాయింపు ఇచ్చారు. పత్రికలు దీన్ని సంస్థ మానవీయ కోణంగా రాశాయి.

దసరాకి ముందు పరీక్షలో బైసన్‌కు నూటికి నూరు వచ్చింది. రాష్ట్రంలో ఇంతవరకూ ఏ కారుకీ రాలేదు. షామియానా వేశారు. సంస్థ అధ్యక్షుడు వచ్చి శాలువా కప్పాడు, కారుకు. మైకు అందుకుని, ఈ వాహనరాజము నందలి ప్రతి అణువూ అర్ధశతాబ్దపు కాలప్రవాహమునకు ఎదురొడ్డి నిలిచిన మూలధాతువని ఎలుగెత్తి చెప్పాడు. అందులో అన్నిటికన్నా పాత అణువుకు మూడునెలల వయసు. ముందు వరుసలో కూర్చున్న జార్జి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

దామోదరయ్యకు అవేమీ పట్టలేదు. సభ ముగిస్తే తాళం తీసుకుని బయల్దేరదామని జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. చక్రపాణి దగ్గరికి వచ్చి, చిన్న లాంఛనం మిగిలిందన్నాడు. యజమాని మౌలికత.

ఆయన్ని బల్లమీద కూర్చోబెట్టారు. మోకాలు ఇనుపదని రాసుకున్నారు. పైపళ్ళు కట్టుడువని రాసుకున్నారు. కంట్లో టార్చి వేసి గాజుబిళ్ళను కనిపెట్టారు. అన్నిటికంటే పెద్ద లోపం చివర్లో బయటపడింది. కారు వేలంలో కొన్నవాడు తండ్రి.

"నేను ఆయన కొడుకునండీ. వారసుణ్ణి."

"అదే చెబుతున్నా. తండ్రి స్థానంలో కొడుకు వచ్చాడంటే అది మార్చిన భాగమే గదా" అన్నాడు చక్రపాణి, బాధగా. ఆయన బాధ నిజమైనదే. నూటికి నూరు వచ్చిన కారును అన్యుడి చేతికి ఇవ్వడానికి నిబంధన ఒప్పుకోదు. కనుక బైసన్ సంస్థవారి అద్దాల గదిలోనే ఉంటుంది. నడిపితే అరుగుతుంది కనుక నడపరు. పనిరోజుల్లో టిక్కెట్టు కొనుక్కుని ఎవరైనా చూడవచ్చు. తాకరాదు.

గోరుచుట్టు మీద రోకటిపోటు పడ్డట్టు దామోదరయ్య బస్సులో ఇంటికొచ్చాడు. వసారాలో సామాన్ల మధ్య సందుచేసుకుని, తండ్రి గుంట ఉన్న సీటులో కూలబడి, పెద్దవాడినన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు. ఓడిపోతే ముద్ద చేస్తామన్నారు, నెగ్గితే అద్దాల్లో పెట్టారు. దున్న పోయింది. గుండుగొలను పోయింది. ఇక ఆదివారానికీ సోమవారానికీ తేడా లేదు.

సీతారావమ్మ కాసేపు ఏడవనిచ్చింది. తర్వాత కొంగుతో ఆయన మొహం తుడిచి అడిగింది.

"ఏవండీ, ఆ అద్దాల గదిలో ఉన్నది ఎవరి కారు?"

"మనదే."

"మావగారు కూర్చున్న సీటులో మీరు కూర్చున్నారు. నేను తోమిన ఇంజను అదిగో, తులసికోట పక్కనుంది. పెళ్ళికి నేను పట్టుకు దిగిన పిడి ఆ కిటికీలో ఉంది. మరి అక్కడున్నదేంటి?"

దామోదరయ్య కట్టుడుపళ్ళు సర్దుకుని వసారా అంతా కలయజూశాడు. ఒక మేకు కూడా తగ్గకుండా దున్న ఇంట్లోనే ఉంది.

"జార్జి కారు" అన్నాడు మెల్లగా.

కబురందగానే జార్జి మనుషుల్ని వేసుకుని తనే వచ్చాడు. పాత మరలకు పాత నట్లే సరిపోతున్నాయని, ఇంత సుళువు పనిలో మజా ఏముందని సణుక్కుంటూ బిగించాడు. లారీ హారన్‌తో సహా అన్నీ వాటి వాటి చోట్లకు చేరాయి. ప్రతిదాని మీదా ఎర్రటి అన్యము ముద్ర ఉండటంతో కారుకు పొంగు పోసినట్టుంది. నంబరు ప్లేటు మాత్రం అద్దాల గదిలో ఉండిపోయింది. ఆదివారం పొద్దున దామోదరయ్య తాళం తిప్పితే దున్న పాత గొంతుతోనే రంకె వేసింది. పవరుపేట స్టేషన్లో జనం లేచి నిలబడ్డారో లేదోగానీ, ఆయన మాత్రం ఇనుపమోకాలి సంగతి మరిచిపోయి కుర్రాడిలా పెడల్ తొక్కాడు.

దెందులూరు దాటగానే ఎర్రజెండా అడ్డం వచ్చింది. అసలాఫీసువాళ్ళు పట్టుబడని పాత కార్ల కోసం హైవే మీద మాటు వేశారు. జెండా పట్టుకున్నవాడు భద్రం. వెనక గొడుగు కింద చక్రపాణి.

ఆయన కారు చుట్టూ తిరిగాడు. పిడి గుర్తుపట్టాడు. సీటులో గుంట గుర్తుపట్టాడు. ఆయన మొహంలో రంగులు మారడం సీతారావమ్మ కిటికీలోంచి చోద్యంగా చూసింది.

"ఇది బైసన్ కదూ?" అన్నాడు చివరికి.

"మీరు అవునంటే అవునండి" అన్నాడు దామోదరయ్య వినయంగా. "కాకపోతే తమరే ప్రతి ముక్కమీదా కాదని ముద్ర కొట్టారు. ఇది బైసన్ అయితే అద్దాల గదిలో ఉన్నదాన్ని ఏమనాలో తమరే సెలవివ్వాలి. దానికి అధ్యక్షులవారు శాలువా కూడా కప్పారు."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చక్రపాణి గొడుగు మడిచాడు, మళ్ళీ విప్పాడు. బైసనేనని ఒప్పుకుంటే సంస్థ పరువు, తన పింఛను, నూటికి నూరు, అన్నీ గంగలో కలుస్తాయి. బైసన్ కాదంటే మరి ఏ కారు? ఏ కారూ కాని కారును ఆపడానికి ఆయనకు అధికారం లేదు. నిబంధన ప్రకారమే లేదు. చివరికి సముద్రంలో మునిగినవాడికి దుంగ దొరికినట్టు గట్టిగా ఊపిరి తీసుకున్నాడు.

"భద్రం, రాసుకో. సదరు దంపతులు తమ ఇంట పడియున్న ఇంటి సామానును ఏలూరు నుండి గుండుగొలనుకు తరలించుకొనుచుండగా తనిఖీ చేయనైనది. ఆక్షేపణ లేదు."

దామోదరయ్య దండం పెట్టి గేరు వేయబోయాడు. చక్రపాణి కదలలేదు. ఎడమ తలుపు పిడి మీద చెయ్యివేసి నిలబడ్డాడు. అరిగిన చోట వేళ్ళు సరిగ్గా అమరాయి. ఆ చెయ్యి తియ్యడం ఆయనకు ఇష్టం లేదని చూస్తే తెలిసిపోతోంది.

"ఇన్ని కార్లు పాస్ చేశానా," అన్నాడు, ఆఫీసు భాష పక్కనపెట్టి, "ఒక్కదాంట్లోనూ ఎక్కలేదండీ. ఎక్కితే అరుగుతాయని."

దామోదరయ్యకు ఆ మనిషిమీద ఉన్న కోపమంతా ఎటుపోయిందో తెలియలేదు. వెనక తలుపు తెరిచాడు. చక్రపాణి చెప్పులు విప్పబోయి, ఫరవాలేదని వాళ్ళంటే, వాటితోనే ఎక్కి ఒళ్ళో చేతులు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. భద్రం జెండా పట్టుకుని కలవరంగా కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. తనిఖీ రాసేశాను, ఇప్పుడు తమరు ఇందులో వెళ్తున్నట్టు ఏమని రాయాలండీ అని అడిగాడు.

చక్రపాణి నోరు తెరిచాడుగానీ నిబంధన గుర్తుకు రాలేదు.

"ఏముంది నాయనా, సామాను ఒకటి పెరిగిందని రాసుకో" అంది సీతారావమ్మ. "పోనివ్వండి, పెసరట్లు చల్లారిపోతాయి."